కత్తిరించని కోటు

మామయ్య పారతో పెచ్చులు ఎత్తుతున్నాడు. కుట్టుగది పైకప్పు సగం నేల మీదే ఉంది. తడిసిన సున్నం పెళ్లలు అడుగంటిన గంజిలా ముద్దకట్టాయి. పార ఎత్తడం, బకెట్లో పడెయ్యడం, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచడం. మేనకోడలు ఖాళీ బకెట్టు అందిస్తోంది. నిన్నటి నుంచి ఇద్దరి మధ్యా నడుస్తున్నది ఆ బకెట్టు ఒక్కటే.

"ఆదివారం విమానానికి టిక్కెట్టు తీశాను," అన్నాడు చివరికి, గోడకేసి చూస్తూ.

"నా పరీక్ష గురువారం, మామయ్యా."

"ఆదివారం అన్నాను."

"విన్నాను. నేను వెళ్లను."

పార ఆగింది. మళ్లీ కదిలింది. ఈసారి పెళ్ల బకెట్లో పడలేదు, పక్కన పడింది. అతను దాన్ని ఎత్తలేదు. ఆమే వంగి ఎత్తింది.

గుమ్మంలో కుర్చీ వేసుకుని ముసలమ్మ కూర్చుని ఉంది. మామయ్యకు అత్తగారు. కూతురు పోయి రెండేళ్లయినా అల్లుడింట్లోనే ఉంటోంది. పొమ్మని అతను అనలేదు, పోతానని ఆమె అనలేదు. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి కట్టు.

"ఒక్క కంటికే ఇంత కనబడుతోంది," అంది. "రెండోది కూడా విప్పితే ఇంకేం చూడాలో."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

"ఒక్క మాట చెప్పు పిచ్చుకా. ఏ ఆలోచనతో కట్టేశావు?"

పిచ్చుక అన్న పేరు ముసలమ్మ పెట్టిందే. పిల్ల దిగిన రోజున లోపల మూడు స్వెట్టర్లు, పైన మామయ్య ఇచ్చిన పాత మగకోటు. చలికి ఈకలు ఉబ్బించుకున్న పిచ్చుకలా ఉందంది. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

ఏ ఆలోచనతో కట్టేసిందో నిన్నటి నుంచి పదిసార్లు చెప్పింది. ముసలమ్మకు పదకొండోసారి వినాలని ఉంది.

ఆపరేషన్ కోసం అత్తగారిని తీసుకుని మామయ్య పెద్దాసుపత్రికి వెళ్లాడు. ఆ మర్నాడే పిల్ల తరగతి మొత్తం ఉన్ని మిల్లు చూడ్డానికి బయల్దేరింది. రెండు రాత్రులు అక్కడే మకాం. ఇంటికి చివరగా తాళం వేసింది పిల్ల. చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఒకటే: గడప దాటేముందు అన్నీ కట్టెయ్యి. లైట్లు కట్టేసింది. స్టవ్వు కట్టేసింది. కిందికి దిగి ఇల్లంతటికీ వేడినిచ్చే హీటరు కూడా కట్టేసింది. వీధిలోకి వచ్చాక అనుమానమొచ్చి వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంది. అన్నీ చల్లగా ఉన్నాయి. తృప్తి పడింది.

బయట చెట్ల కొమ్మలు చలికి చిట్లుతున్న చప్పుడు వినబడే రోజులవి. కట్టెయ్యకూడనిది ఒకటుంటే అదే కట్టేసింది. కట్టెయ్యాల్సింది ఇంటికి నీళ్లొచ్చే పెద్ద కుళాయి, దాని జోలికి వెళ్లలేదు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపుల్ని చీల్చాయి. తిరిగొచ్చి హీటరు వేసింది కూడా తనే. మంచు కరిగింది. స్నానాలగది మేడ మీద, దాని కింద కుట్టుగది.

మామయ్య హీటర్ల మెకానిక్. చలికాలంలో హీటరు ఆపకండి అని ఊరంతటికీ చెప్పి, ఆపిన వాళ్లను తిట్టి, తిట్టినందుకు పేరు తెచ్చుకున్నవాడు. ఈ పొద్దున షెడ్డులో తోటి మెకానిక్కులు, గురువుగారూ మీ ఇంటికి ఎవర్ని పిలిపించమంటారు అని అడిగారట. అతను పనిసంచి తీసుకుని మధ్యలోనే వచ్చేశాడు. పైపు తనే అతికాడు. ఇంకొకణ్ని గడప తొక్కనివ్వలేదు.

అదీ పెద్ద లెక్క కాదు. పైపు అతుక్కుంటుంది. పైకప్పు మళ్లీ వేస్తారు. అతని నోరు పడిపోయింది బల్ల మీది గుడ్డను చూసి.

బూడిదరంగు ఉన్ని గుడ్డ. అత్తయ్య దాన్ని బల్ల మీద పరిచి, సుద్దతో కోటు గీసి, కత్తెర పక్కన పెట్టి, ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. మామయ్య గదికి తాళం వేశాడు. చలికాలం మొదట్లో ఒకసారి తీస్తాడు, దుమ్ము దులపకుండా చూసి మళ్లీ వేస్తాడు. వచ్చిన వాళ్లందరికీ చెబుతాడు: పోయేముందు రోజు కూడా నాకు కోటు కుడుతూనే ఉంది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడే అతని గొంతులో మెకానిక్ పోయి మొగుడు కనబడతాడు.

ఇప్పుడు గుడ్డ మీద గీత లేదు. నీళ్లు సుద్దను కడిగేశాయి.

పిల్ల వాళ్లమ్మ ఫోన్ చేసి తమ్ముడి వైపే మాట్లాడింది. వాడి మనసు ఇప్పటికే సగం చచ్చింది, మిగిలింది నువ్వు చంపకు, మూటా ముల్లే సర్దుకుని వచ్చెయ్యి అంది. ఏడాది పోతుందమ్మా అంటే, పోతే పోనీ అంది. పోయేది తన ఏడాది కాదు కదా.

సొంతూరి కాలేజీ మొత్తం మీద పిచ్చుక ఒక్కదాన్నే పంపారు. అక్కడి నుంచి ఇక్కడికి ఒకరు, ఇక్కడి నుంచి అక్కడికి ఒకరు. ఇక్కడి వస్త్రకళాశాలలో ఒక చలికాలం ఉండి ఉన్ని కోట్లు కుట్టడం నేర్చుకోవాలి. గురువారం తను కుట్టిన కోటు బొమ్మకు తొడిగి పంతుళ్ల ముందు నిలబెట్టాలి. నిలబెట్టకపోతే ఇక్కడి చదువు లెక్కలోకి రాదు, అక్కడి చదువు సాగదు. హాస్టల్లో మధ్యలో గది ఇవ్వరు. మామయ్య పూచీ మీద వచ్చిన పిల్ల. పూచీ తీసేస్తే ఉండే హక్కు కూడా ఉండదు.

ఆమె బకెట్టు కింద పెట్టింది.

"ఆ గుడ్డ నాకివ్వండి మామయ్యా. గీతలు మళ్లీ తెస్తాను."

అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "పోయినవి ఎక్కణ్నుంచి తెస్తావు?"

కుట్టుమిషను సొరుగులోంచి ఆమె సుద్దముక్క తీసి చూపించింది. అరిగి వేలిగోరంత మిగిలింది. "ఇది మైనం సుద్ద. మందం గుడ్డకు మేమూ ఇదే వాడతాం. రంగు పోతుంది కానీ మైనం ఉన్నిలోనే ఉంటుంది. కాలేజీలో ఒకసారి తడిసిన గుడ్డ మీద చూశాను. గీత ఉన్నచోట నీళ్లు నిలవలేదు."

"ఆ గుడ్డ జోలికి వెళ్లకు," అంది ముసలమ్మ.

కటువుగానే అంది. మామయ్య అటు తిరిగాడు.

"అది కాదు నాయనా. ఉన్నది కాస్తా పాడుచేస్తుంది. ఇల్లు చేసింది చాలదా?"

"పాడవడానికి ఇంకేముంది అత్తగారూ," అన్నాడు. పార గోడకు ఆనించాడు.

"తీసుకో," అన్నాడు మేనకోడలితో. "గీతలు తెస్తే పరీక్ష అయ్యేదాకా ఉండు. తేకపోతే ఆదివారం."

"సరే."

"ఏడుపులూ బతిమాలడాలూ ఉండకూడదు."

"ఇప్పటిదాకా ఏడ్చానా?"

ఏడవలేదు. అదీ అతనికి కోపమే.

తెల్లారాక పిచ్చుక వెనక వసారా తలుపు తీసింది. నిన్న సాయంత్రమే గుడ్డను అక్కడి తీగకు వేలాడదీసి క్లిప్పులు పెట్టింది. ఇప్పుడది గుడ్డలా లేదు, చెక్కలా నిలబడి ఉంది. వేలితో తడితే టక్కుమంది. ఇస్త్రీకి వాడే నీళ్ల సీసాతో దాని మీద సన్నగా చల్లింది. చల్లిన నీళ్లు తగిలీ తగలగానే తెల్లటి నూగులా పేరుకున్నాయి.

ఒక్కచోట పేరుకోలేదు. సన్నటి నల్లగీత. ఆమె ఊపిరి బిగబట్టి ఇంకా చల్లింది. గీత సాగింది, వంపు తిరిగింది, ఇంకో గీతను కలిసింది. మంచు అంతా తెలుపు, మైనం ఉన్నచోట మాత్రం గుడ్డ రంగు. రెండేళ్ల కిందట ఒక చెయ్యి గీసినది గీసినట్టే పైకి వచ్చింది.

లోపలికి తీసుకెళితే కరిగిపోతుంది. మంచు మీద సుద్ద పట్టదు. గుండుసూదులు ఒక్కటే దారి. ఇక్కడే, ఇప్పుడే గుచ్చాలి.

చేతితొడుగులు విప్పింది. వాటితో సూది దొరకదు. మొదటి వరస గుచ్చేసరికి వేళ్లు మంటపుట్టాయి. రెండో వరసకు మంట పోయింది, వేళ్లూ పోయినట్టే ఉంది. చేతుల్ని చంకల్లో పెట్టుకుని, పదంకెలు లెక్కపెట్టుకుని, మళ్లీ తీసింది. డబ్బాలోంచి ఒక్కొక్కటీ ఏరడం కుదరక, దర్జీలంతా చేసే పనే చేసింది: గుప్పెడు సూదులు పెదాల మధ్య పెట్టుకుంది.

ఇక్కడి దర్జీ ఎవరూ ఆరుబయట ఆ పని చెయ్యరు. సూదులు పెదాలకు అతుక్కుపోయాయి.

లాగితే చర్మం వస్తోంది. ఆమె లాగలేదు. నోరు బిగించి, ఉన్న సూదులతోనే పని సాగించింది. భుజం గీత దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. భుజం ఇరుకు. మామయ్యవి గుమ్మం నిండిపోయే భుజాలు. పొరబడ్డాననుకుంది, కిందికి దిగింది. నడుం దగ్గర గీత లోపలికి వంగింది. ఛాతీ కింద రెండు వైపులా సన్నటి కోణాలు, గుడ్డను మడిచి కుట్టడానికి గీసినవి. మగకోటుకు అవి ఉండవు. కాలేజీలో మొదటివారం పాఠం అది.

వెనక తలుపు కిర్రుమంది. శాలువా కప్పుకుని ముసలమ్మ వచ్చి నిలబడింది. ఒంటికన్ను గుడ్డ మీదే ఉంది.

"కనబడిందా?"

పిచ్చుక తల ఊపింది.

"నోట్లో సూదులున్నాయిగా. మంచిదే. మాట్లాడకుండా విను."

ముసలమ్మ ఎక్కువ చెప్పలేదు. అడిగి అడిగి విసిగిపోయింది నా కూతురు, అంది. నాకొక కోటు కావాలి అంటే, నీకెందుకు, ఇంట్లో వేడిగానే ఉందిగా, అనేవాడు. తను విడిచేసిన కోటు ఇచ్చాడు. అది తొడుక్కునే తిరిగింది, వచ్చిన ప్రతి చలికాలం. చివరికి తనే గుడ్డ తెచ్చుకుంది, తనకోసం గీసుకుంది. నా కూతురు పోయాక వీడు గదిలోకి వచ్చి ఆ గుడ్డ మీద పడి, నాకోసమే కుడుతోంది అని ఏడ్చాడు. నేను నోరు విప్పలేదు.

"వాడు ఆ మాట పట్టుకునే బతికాడు. ఆ మాట వల్లే నేనూ ఈ ఇంట్లో ఉన్నాను. భుజం దగ్గర రెండు వేళ్లు బయటికి జరుపు. నడుం తిన్నగా చెయ్యి. ఆ కోణాలు వదిలెయ్. వాడికి హీటర్లు తెలుసు, కోట్లు తెలియవు."

పిచ్చుక తన ఒంటి మీది కోటు చేతులకేసి చూసుకుంది. మణికట్టు దగ్గర లోపలికి మడిచి కుట్టిన మడత. తనకిచ్చినప్పుడే ఉంది. ఎవరో మగవాడి కోటు చేతిని తన చేతికి సరిపెట్టుకున్నారు. కుట్టు చిన్నది, బిగువైనది, కనబడకుండా దాచిన కుట్టు. ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది, ఎవరిదని అడగలేదు.

పెదాల మధ్య మిగిలిన సూదుల్ని ఒక్క లాగు లాగింది. కింది పెదవి చిట్లి, గడ్డం మీదికి రక్తం దిగింది.

"జరపను అమ్మమ్మగారూ."

"ఎందుకే ఆ మొండితనం? పోయినదానికి కోటెందుకు? ఉన్నవాళ్లం మనం ముగ్గురం."

"గీతలు తెస్తానన్నాను. కొత్తవి గీస్తానని అనలేదు."

"నిజం గుచ్చితే వాడు నిన్ను గురువారం దాకా ఉంచుతాడనుకుంటున్నావా?"

"ఉంచాలి. మాటిచ్చారు."

ముసలమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మీ వంశమే అంత," అంది. తలుపు మాత్రం వెయ్యలేదు. పిల్ల చివరి సూది గుచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఇల్లంతా చల్లబడింది.

గుడ్డను బల్ల మీద పరిచేసరికి మామయ్య పనిబట్టల్లో దిగి వచ్చాడు. మంచు నీరవుతోంది. చూస్తుండగానే గీతలు మాయమయ్యాయి. సూదులు మిగిలాయి, వరసగా, మెరుస్తూ.

అతను వేలు ఒక వరస వెంట నడిపించాడు, అంటీ అంటకుండా. మొహం మెత్తబడింది. ఆ మెత్తదనం చూసి పిచ్చుకకు భయమేసింది.

"పెదవికేమైంది?"

"సూదులు."

"మూర్ఖురాలా," అన్నాడు. ఈ ఇంట్లో దిగినప్పటి నుంచి అతని నోట వచ్చిన మాటల్లో అదే మంచిది.

తరవాత అతను చెయ్యకూడదని ఆమె దేవుడికి మొక్కుకుంటున్న పని చేశాడు. గుడ్డను రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, తన ఛాతీకి ఆనించుకుని, గోడ అద్దం ముందు నిలబడ్డాడు.

ఒక వైపు భుజం గీత అతని భుజం మధ్యలోనే ఆగిపోయింది. అతను గుడ్డను జరిపాడు. ఆ వైపు సరిపోతే ఈ వైపు తగ్గింది. మళ్లీ జరిపాడు. సూదులు చొక్కాలోంచి గుచ్చుకుంటున్నాయి కాబోలు, మొహంలో తెలియలేదు. కోట్లు తెలియని మనిషే. కానీ గొట్టాన్ని చూడగానే ఏ గొట్టంలో పడుతుందో పడదో చెప్పేవాడు. కొలత మీద బతికినవాడికి కొలత ఒకరు చెప్పక్కర్లేదు.

"నీ కోటు విప్పు," అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

ఆమె విప్పి ఇచ్చింది. అతను చేతిమడత వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది నువ్వు కుట్టుకున్నావా?"

"మీరిచ్చినప్పుడే ఉంది మామయ్యా."

ఎన్ని చలికాలాలు ఆ కోటు ఈ ఇంటి చిలక్కొయ్యకు వేలాడిందో. ఎన్నిసార్లు దాన్ని పక్కకు నెట్టి తన కోటు తగిలించాడో. అతను మడతను మళ్లీ లోపలికి తిప్పాడు. అది దానంతటదే తన పాత గీత మీద పడింది.

"మీకు తెలుసు కదా," అన్నాడు. అన్నది పిల్లతో కాదు.

గుమ్మంలో తన కుర్చీలో కూర్చున్న ముసలమ్మ నేలకేసి చూస్తోంది.

"రెండేళ్లు. వచ్చినవాళ్లందరి ముందూ నాచేత ఆ మాట అనిపించారు. వింటూ కూర్చున్నారు."

"నువ్వన్నావు నాయనా. నేననిపించలేదు."

"పిల్ల ఉంటుంది. మాటిచ్చాను." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది పిచ్చుకకు. "ఆదివారం మాత్రం ఈ ఇంట్లోంచి ఒకరు వెళతారు. మీ పెద్దకొడుక్కి నేను ఫోన్ చెయ్యనా, మీరు చేస్తారా?"

"మామయ్యా, ఆవిడ కంటికి కట్టు..."

"నిన్నడగలేదు."

ముసలమ్మ లేచింది. కుర్చీ చెయ్యి పట్టుకోకుండా లేచింది. బల్ల దాకా వచ్చి, అతని చేతిలో వేలాడుతున్న గుడ్డ అంచు తడిమి పట్టుకుంది.

"పోతాను. ఇది నాకిచ్చెయ్. నా కూతురు తనకోసం గీసుకున్నది."

"ఇది నా భార్యది."

"నీ భార్య అడిగినప్పుడు నువ్వేమన్నావో ఇప్పుడు ఈ పిల్ల ముందు చెప్పు. చెప్పి ఉంచుకో."

అతను చెప్పలేదు. వదలనూ లేదు. ముసలమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. తడిసిన ఉన్ని ఇద్దరి మధ్యా సాగింది. ఎక్కడో ఒక సూది జారి నేల మీద టిక్కుమంది.

"లాగకండి," అంది పిచ్చుక. పెదవి మళ్లీ చిట్లింది. "ఇద్దరూ విన్నారా? తడిసిన గుడ్డ, లాగితే మైనం నలిగిపోతుంది. సూదులు రాలితే ఈ గీతలు ఇంక నేను కాదు కదా ఎవరూ తేలేరు. ఎవరో ఒకరు వదలండి."

ఇంకో సూది రాలింది.

ఎవరూ వదల్లేదు.